అత్తగారికి ఎరువు

సెప్టెంబర్ 12

మా ఆవిడ ఇవాళ పొద్దున వాళ్ళక్కగారింటికి వెళ్ళింది. వదినకి మోకాలి ఆపరేషన్ అయింది. లేచి నాలుగడుగులు వేసేదాకా ఎవరో ఒకరు తోడుండాలి. ఊళ్ళోనే, బస్సెక్కితే అరగంట. రెండు పెట్టెలు తీసుకెళ్ళింది. ఒకదాన్నిండా స్వెట్టర్లూ, చలికోటూ. ఇంకా ఎండలే తగ్గలేదు. ఆవిడకి ముందుచూపు ఎక్కువ.

గుమ్మం దిగుతూ, "ఆర్కిడ్లకి నీళ్ళు పొయ్యండి. ఎరువు మాత్రం నన్నడక్కుండా వెయ్యకండి" అంది. సరే అన్నాను. ఎప్పుడొస్తావని అడిగాను. "చూద్దాం" అంది. ఆపరేషనైన మోకాలి సంగతి ముందే ఎవరు చెప్పగలరు, నిజమే.

అయినా పాల ఫ్యాక్టరీలో బాయిలర్ ఇన్‌చార్జిగా ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి. ఏ నీళ్ళలో ఏ మందు ఎంత కలపాలో నాకొకరు చెప్పాలా.

సెప్టెంబర్ 13

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మంచిదే. పనులు ఒక పద్ధతిలో పెట్టుకోవచ్చు.

సెప్టెంబర్ 15

ఆర్కిడ్లన్నీ బాల్కనీలో ఉన్నాయి. కుండీల్లో మట్టి ఉండదు, బెరడు ముక్కలూ బొగ్గూ ఉంటాయి. మట్టి లేని మొక్కేమిటని మొదట్లో నవ్వేవాణ్ణి. ఆవిడ ఏమీ అనేది కాదు, పూసినప్పుడు పిలిచి చూపించేది, అంతే.

వెడల్పాటి ఆకులవాటిని సీతాకోకలంటుంది. పూలు అలా ఉంటాయి కనక. మూలనున్న పెద్ద డెండ్రోబియం పేరు అత్తగారు. చెరకు గడల్లాంటి గడలతో నిటారుగా ఉంటుంది. ఏడాదికోసారి, చలి వెళ్ళిపోతుండగా, గడ పొడుగునా పూస్తుంది. మర్యాదల్లో ఏ కాస్త తేడా వచ్చినా ఆ ఏటికి మొహం తిప్పేసుకుంటుంది. అందుకే ఆ పేరు. మా అమ్మ బతికుండగా ఈ పేరు పెట్టే ధైర్యం చేసేది కాదు.

సెప్టెంబర్ 19

ఎరువు ఎప్పుడెయ్యాలని ఫోన్ చేసి అడిగాను.

"కొత్త ఆకులొస్తున్నాయా?" అంది.

"వస్తున్నాయి."

"అయితే వారానికోసారి వెయ్యండి. డబ్బా మీద రాసినదాంట్లో పావొంతు చాలు. ముందు మంచినీళ్ళతో వేళ్ళు తడపండి, తర్వాతే ఎరువు నీళ్ళు. ఎండు వేళ్ళ మీద పోస్తే మాడిపోతాయి."

ఈ మధ్య మా ఇద్దరి మధ్యా ఇంత పొడుగు మాట నడవలేదు. వినపడలేదని చెప్పి రెండోసారి కూడా చెప్పించుకున్నాను.

ఎప్పుడొస్తావని అడిగాను. వదిన పిలుస్తోందని పెట్టేసింది.

సెప్టెంబర్ 24

మొక్కలకి షిఫ్టు చార్టు తయారుచేశాను. ఏ కుండీకి ఏ రోజు నీళ్ళు, ఏ రోజు ఎరువు అంతా గళ్ళు గీసి బాల్కనీ తలుపుకి అతికించాను. చూడముచ్చటగా ఉంది.

ఏప్రిల్‌లో రిటైరయ్యాక వంటింటికి కూడా ఇలాగే చేశాను. డబ్బాలన్నిటికీ చీటీలు అతికించాను, ముందు కొన్నది ముందుకి, వెనక కొన్నది వెనక్కి సర్దాను. ఫ్యాక్టరీ స్టోరులో అదే పద్ధతి. ఉప్పు కోసం చెయ్యి చాపితే చక్కెర తగిలిందట. "నా వంటింట్లో నేనే చుట్టాన్నయ్యాను" అంది. ఇంకోసారి, "ఇంట్లో ఉన్నానో షిఫ్టులో ఉన్నానో తెలియట్లేదండీ" అంది. తమాషాకే. నేను నవ్వాను. ఆవిడ నవ్విందో లేదో సరిగ్గా చూడలేదు.

టీ తాగావా, మందు వేసుకున్నావా, ఎందుకలా కూర్చున్నావు, ఎవరితో ఫోన్లో మాట్లాడావు అని అడగడం కూడా తప్పే అయితే ఇక మొగుడనేవాడు ఉండి ఏం లాభం. పట్టించుకునే మొగుడు లేక ఏడ్చేవాళ్ళు ఎంతమంది లేరు.

అక్టోబర్ 1

అత్తగారి కొత్త గడ బాగా ఎదిగింది. లావుగా, నిగనిగలాడుతూ ఉంది. నా చేతి చలవే.

అక్టోబర్ 9

ఇవాళ ఆవిడే ఫోన్ చేసింది. నా గురించి కాదు, అత్తగారి గురించి.

"కొత్త గడ చివర ఇంకా ఆకు విచ్చుకుంటోందా, ఆగిపోయిందా?"

వెళ్ళి చూసి వచ్చి, ఆగిపోయిందని చెప్పాను.

"అయితే ఇక దానికి ఎరువు ఆపెయ్యండి. నీళ్ళు కూడా గడ ముడతలు పడకుండా ఉండేంత, అంతే. చలిగాలి తగిలే చోట పెట్టండి. మొగ్గలు కనపడేదాకా ఏమీ పెట్టొద్దు."

"మరి అన్నాళ్ళూ ఏం తిని బతుకుతుంది?"

"దాచుకున్నది తిని బతుకుతుంది. గడలున్నది అందుకే. దాన్ని ఒక్కదాన్నీ కాస్త వదిలెయ్యండి."

సీతాకోకల సంగతి అడిగాను. వాటికి నెలకి రెండుసార్లు వెయ్యమంది. ఎప్పుడొస్తావని అడిగాను. "ఇప్పుడే కదండీ మొక్క గురించి మాట్లాడుకున్నాం" అంది. ఆ మాటకి దీనికి సంబంధమేమిటో నాకు బోధపడలేదు.

అక్టోబర్ 12

నెలల తరబడి తిండి ఆపడమంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. బాయిలర్‌కి నీళ్ళు ఆపడమంటే దాన్ని చంపుకోవడమే. వేసంగి లేదు, చలి లేదు, పద్ధతి ప్రకారం అందుతూ ఉండాలి. చల్లారిపోయినదాన్ని మళ్ళీ వేడెక్కించడం ఎంత పనో ఆవిడకేం తెలుసు.

అయినా మాటిచ్చాను కనక ఆపేశాను. చార్టులో ఆ గడి ఖాళీగా ఉంది. చూసినప్పుడల్లా కళ్ళలో పడుతోంది.

అక్టోబర్ 20

అత్తగారి ఆకులు పండుబారాయి. కింద నుంచి మొదలై రెండు రాలిపోయాయి కూడా. నేను అనుకుంటూనే ఉన్నాను.

కొంచెం ఎరువు నీళ్ళు పోశాను. పావులో పావు. అది ఎరువు కాదు, ఎరువు వాసన, అంతే.

అక్టోబర్ 24

ఇంకా మూడు ఆకులు. మొన్నటిది చాలలేదన్నమాట. ఇవాళ మామూలుగా పోశాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ నోరులేనిది అడగలేదు కనకే కదా మనం చూసి పెట్టాలి.

ఆవిడతో చెప్పలేదు. వదిన సేవలో ఉన్నదాన్ని ఎందుకు కంగారు పెట్టడం.

అక్టోబర్ 27

పొద్దున ఫోన్ చేస్తే ఆఁ అంది. మధ్యాహ్నం ఊఁ అంది. సాయంత్రం వదినే ఎత్తి, "స్నానానికి వెళ్ళింది మరిదిగారూ" అంది. సాయంత్రం పూట స్నానమేమిటో. మా ఆవిడ గొంతులో మునుపటి పుష్టి లేదు. సరిగ్గా తినడం లేదనిపిస్తోంది. రేపటి నుంచి నేనే వండి క్యారియర్ తీసుకెళ్ళి ఇస్తాను.

అక్టోబర్ 30

మూడు రోజులు వరసగా క్యారియర్ ఇచ్చి వచ్చాను. గుమ్మంలోనే అందుకుంది. "మీరెందుకు ఇంత శ్రమ పడటం" అంది. శ్రమేముంది అన్నాను. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఇంటికొచ్చాక ఫోన్ చేశాను. సరిపోయిందంది. మర్నాడు కూడా అదే మాట. ఇవాళ, తిన్నాక చెప్తానంది. ఇంతవరకూ చెప్పలేదు.

నవంబర్ 3

మందుల షాపు దగ్గర వదిన కనపడింది. ఒక్కత్తే. రెండు చేతుల్లో రెండు సంచులు, చకచకా నడుస్తోంది. నన్ను దాటి నాలుగడుగులు వెళ్ళిపోయాక నేను పిలిస్తే ఆగింది.

"మోకాలెలా ఉంది వదినా?"

"మోకాలికేం మరిదిగారూ, మేడమెట్లు ఎక్కి దిగుతున్నాను. మీతో పరుగు పందెం వేసుకున్నా నేనే గెలుస్తాను."

"అయితే మరి మా ఆవిడ…"

వదిన సంచులు కింద పెట్టింది. ఎప్పుడూ నాతో వేళాకోళమాడే మనిషి, ఇవాళ ఆడలేదు. "మా చెల్లెలు నా మోకాలి కోసమే వచ్చిందని మీరు నిజంగా అనుకుంటున్నారా? కొన్నాళ్ళు పోనివ్వండి. దాని మానాన దాన్ని ఉండనివ్వండి. వస్తుందో రాదో దానికే ఇంకా తెలీదు" అంది.

సంచులు నేను మోస్తానన్నాను. వద్దంది.

నవంబర్ 4

కొంచెం వాపు ఇంకా ఉండే ఉంటుంది. ఆడవాళ్ళు నొప్పి బయటికి చెప్పరు.

నవంబర్ 8

అత్తగారి పాత గడలకి ఆకు మిగల్లేదు. చివరికి ఊరవతల నర్సరీకి వెళ్ళాను, ఇంకాస్త బలమైన ఎరువేదైనా ఉందేమోనని. ఆ నర్సరీ నడిపే ఆవిడ చేతిలో ఎప్పుడూ నీళ్ళ పైపు ఉంటుంది. మాట్లాడుతున్నా తడుపుతూనే ఉంటుంది. నేను పైపావిడ అనుకుంటాను. తోటల చదువు చదువుకున్న మనిషి, మా ఆవిడకి మొక్కలమ్మింది కూడా ఆవిడే.

ఫోటో చూపించాను. ఆకులు రాలడం మొదలైందనీ, రాలేకొద్దీ ఎరువు పోస్తున్నాననీ చెప్పాను. పైపు కట్టేసింది. ఆవిడ పైపు కట్టడం నేను అదే చూడ్డం.

"ఎందుకు పోస్తున్నారు సార్?"

"ఆకులు రాలుతున్నాయి కదా."

"రాలడం దానికి జబ్బు కాదు, పద్ధతి. ఏడాదంతా ఎదిగింది, ఇప్పుడు నిద్రకి పడింది. ఆకలితో ఉన్నవాళ్ళకి పెట్టడం వేరు, పడుకున్నవాళ్ళ నోట్లో కుక్కడం వేరు."

చార్టు గురించి చెప్పాను. గళ్ళు గీసి, వారాలు రాసి, ఎంత పకడ్బందీగా చేశానో చెప్పాను.

"క్యాలెండర్‌ని చూసి పెట్టకండి సార్, మొక్కని చూసి పెట్టండి. మొదట్లోంచి కొత్త పిలక లేచి వేళ్ళు తన్నినప్పుడు అడుగుతుంది, పెట్టండి. చివరాకు విచ్చుకుని ఆగిపోతే చాలంటోందని అర్థం. మొగ్గ కనపడితే మళ్ళీ కొంచెం నీళ్ళు. అంతకుమించి దానికి మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు."

ఏమీ లేదు అనే మాట నాకు నచ్చలేదు. సీతాకోకల ఆకుల కొసలు నల్లబడుతున్నాయనీ, కుండీల అంచుల్లో తెల్లటి పొడి పేరుకుందనీ కూడా చెప్పాను. అది మిగిలిపోయిన ఎరువు ఉప్పనీ, మంచినీళ్ళు ధారగా పోసి కడిగెయ్యమనీ చెప్పింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇంటికొచ్చి ఎరువు డబ్బాని అటక మీద పెట్టాను.

నవంబర్ 11

ఇవాళ క్యారియర్ కట్టుకుని చెప్పకుండా వెళ్ళాను. పిలవని పేరంటమే. ఇక క్యారియర్లు తేవొద్దని ఆ మర్నాడే ఫోన్లో చెప్పింది, పదకొండు రోజులుగా మానేశాను, ఇవాళ ఎందుకో కాళ్ళు ఆగలేదు.

వదిన ఇంటి పక్క సందులోంచి వెళ్తే వెనక వసారా కనపడుతుంది. ఆవిడ అక్కడ కూర్చుని ఉంది. గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని. చేతిలో పని లేదు. ఫోన్ లేదు, పుస్తకం లేదు, ఏరాల్సిన కూర లేదు. ఎదురుగా ఖాళీ గోడ. ఆ గోడ వైపే చూస్తోంది. చెప్పులు విప్పేసి ఒక పాదాన్ని ఇంకో పాదం మీద రాసుకుంటోంది.

ఏడుస్తోందేమోనని మొదట అనుకున్నాను. అలా అయితే బాగుండేది, వెళ్ళి పలకరించేవాణ్ణి. ఏడవడం లేదు. మొహం తేటగా ఉంది. పెళ్ళైన కొత్తలో రైల్లో కిటికీ పక్కన కూర్చుని నిద్రలోకి జారబోయే ముందు ఇలాగే ఉండేది. తర్వాత ఈ మొహాన్ని నేను చూడలేదు. ఆ సంగతి కూడా ఇవాళే తెలిసింది.

పిలుద్దామని నోరు తెరిచాను. పిలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఉలిక్కిపడి కాళ్ళు ముడుచుకుంటుంది, చెప్పులు వెతుక్కుంటుంది, "ఎప్పుడొచ్చారు" అంటుంది, మొహం మామూలు మొహమైపోతుంది. ఆ మామూలు మొహాన్నే నేనిన్నాళ్ళూ ఆవిడ మొహమనుకున్నాను.

పిలవలేదు. వెనక్కి వచ్చేశాను. బస్సులో క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చాలా బాధ వేసింది. నేను లేకపోతే అంత హాయిగా ఉంటుందా మనిషి.

నవంబర్ 12

ఫోన్ చెయ్యలేదు.

నవంబర్ 13

చెయ్యలేదు.

నవంబర్ 15

రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. వాతావరణం చూడ్డానికి.

నవంబర్ 21

సీతాకోకలన్నిటినీ స్నానాలగదిలో పెట్టి ఒక్కొక్క కుండీకీ మంచినీళ్ళు ధారగా వదిలాను. కింద నుంచి మొదట పసుపురంగు నీళ్ళు వచ్చాయి, తర్వాత తేటగా వచ్చాయి. బాయిలర్‌లో కూడా ఇంతే. ఆవిరి పోతుంది, ఉప్పు అడుగున మిగులుతుంది. రోజూ అడుగు వాల్వు తెరిచి ఆ నీళ్ళు బయటికి వదలకపోతే గొట్టాలకి పొలుసు కట్టి పగిలిపోతాయి. ఈ పని షిఫ్టు షిఫ్టుకీ దగ్గరుండి చేయించినవాణ్ణి, కుండీకి కూడా అదే కావాలని తోచలేదు.

చార్టు తీసేశాను. తలుపు మీద జిగురు మరకలు పోలేదు.

డిసెంబర్ 2

ఆవిడ నుంచి మెసేజ్ వచ్చింది. "బాగున్నారా?"

జవాబు చాలాసేపు రాశాను. గ్యాస్ అయిపోయిన సంగతి, దగ్గు తగ్గిన సంగతి, పక్కింటివాళ్ళ గొడవ, సీతాకోకల స్నానం. ఆఖర్న ఎప్పుడొస్తావని కూడా రాశాను. తర్వాత అంతా చెరిపేసి "బాగున్నాను" అని పంపాను.

డిసెంబర్ 10

వంటింట్లో డబ్బాల మీది చీటీలు పీకేశాను. అన్నీ ఆవిడ పెట్టుకునే చోట్లలోనే మళ్ళీ సర్దుదామని కూర్చున్నాను. ఏది ఎక్కడుండేదో గుర్తు రాలేదు. ఒక్కటి కూడా. ముప్పై ఏళ్ళకి పైగా ఆ వంటింటి తిండి తిన్నాను, ఉప్పు డబ్బా ఏ అరలో ఉండేదో తెలీదు. సిగ్గేసింది. డబ్బాలన్నీ బల్ల మీదే పెట్టి వదిలేశాను. వస్తే ఆవిడే పెట్టుకుంటుంది. రాకపోతే బల్ల మీదే ఉంటాయి.

డిసెంబర్ 18

మధ్యాహ్నం అత్తగారి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బోడి గడలు. ముట్టుకోలేదు, నీళ్ళు పొయ్యలేదు, తిప్పి పెట్టలేదు. ఊరికే ఉండటం ఇంత కష్టమని ఎవరైనా ముందే చెప్పి ఉంటే రిటైరయ్యేవాణ్ణి కాదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఈ మాను ఇవాళ కాసేపు వంగింది. నడుం నొప్పి పుట్టింది.

జనవరి 9

మొగ్గలు.

అత్తగారి గడల మీద, కణుపు కణుపుకీ, గోరంత పచ్చటి బొడిపెలు. నిన్న లేవు. ఉన్నా నేను చూడలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఉన్నాయి. ఒంటరిగా నిలబడి నవ్వుకున్నాను.

ఆవిడకి ఫోన్ చెయ్యను. చెయ్యనని అనుకున్నాక చెయ్యకూడదు.

జనవరి 10

ఫోన్ చెయ్యలేదు. అమ్మాయికి చేశాను. పక్క ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న కూతురితో తండ్రి మాట్లాడకూడదని ఎక్కడా లేదు. మాటల్లో మాటగా, అత్తగారికి మొగ్గలొచ్చాయని అన్నాను. అది వాళ్ళమ్మతో చెప్తే అది దాని ఇష్టం. నేను చెప్పమనలేదు, చెప్పొద్దనీ అనలేదు.

జనవరి 19

బొడిపెలు విచ్చుకున్నాయి. పూలు కావు. చిన్న చిన్న ఆకులు. ఒకదాని మొదట్లో దారంలాంటి తెల్లటి వేరు కూడా గాలిలోకి వేలాడుతోంది.

ఫోటో తీసుకుని పైపావిడ దగ్గరికి పరిగెత్తాను. చూడగానే నవ్వింది.

"ఎరువు ఎప్పటిదాకా వేశారు?"

"మీరు వద్దనేదాకా."

"నవంబర్. అదీ సంగతి. అవి మొగ్గలు కావు సార్, పిల్ల మొక్కలు. పడుకోవాల్సిన వేళ పోషణ అందుతూ ఉంటే ఇక పూలెందుకని ఇలా పిల్లల్ని పెట్టేస్తుంది. చచ్చిపోలేదు, సంతోషించండి. వేళ్ళు వేలెడంత సాగాక విడదీసి కుండీల్లో పెట్టుకోవచ్చు. పూలు మాత్రం ఈ ఏటికి లేనట్టే."

ఇంటికొచ్చి అమ్మాయికి ఫోన్ చేశాను. ఆ మొగ్గల మాట అమ్మతో అనొద్దని చెప్పాను.

"ఆ రోజే చెప్పేశాను నాన్నా. ఎంత సంతోషించిందో. ఈ శుక్రవారం చూడ్డానికి వస్తానంది, నీకు చెప్పొద్దంది" అంది.

జనవరి 22

రేపు వస్తుంది. లేని పూలని చూడ్డానికి వస్తుంది.

ఏదో ఒకటి చెప్పి ఆపేస్తే నయమని పొద్దుటి నుంచీ అనుకుంటున్నాను. జ్వరం అని చెప్పొచ్చు. జ్వరమంటే నన్ను చూడ్డానికి వచ్చేస్తుంది, అదీ కుదరదు. పైగా ఆవిడ రావాలనే నాకుంది. వచ్చి, ఒక్క పువ్వూ లేదని చూసి, ఈ మనిషి మారడని వెళ్ళిపోతే ఏం చెయ్యాలో తెలియట్లేదు. ఇక మళ్ళీ రాదేమోనని భయంగా ఉంది. రాయడానికి కూడా ఇష్టం లేని మాట, రాసేశాను.

జనవరి 23

వచ్చింది.

చెప్పులు విప్పి తిన్నగా బాల్కనీలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళబోయి తలుపు దగ్గరే ఆగాను. అత్తగారి కుండీ ముందు వంగింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వి నవ్వి నిలబడలేక, కింద కూర్చుండిపోయింది.

"పూలు పూయమంటే పురుళ్ళు పోశారా అత్తగారికి" అంది.

"నవంబర్ దాకా వేశాను" అన్నాను.

"తెలుస్తూనే ఉంది. ఆపమన్నాను కదండీ."

"ఆపాను. ఆకులు రాలుతుంటే చూడలేకపోయాను."

అప్పుడు నవ్వడం మానేసింది. ఒక పిల్ల మొక్కని వేలితో మెల్లగా ఎత్తి చూస్తూ మాట్లాడింది. నా వైపు చూడలేదు. "మీరు చెడ్డవాళ్ళు కారు. అదే నా కష్టం. చెడ్డవాళ్ళయితే ఓ గొడవ పడి ఊరుకునేదాన్ని. పొద్దున్నుంచీ రాత్రి దాకా మంచినీళ్ళు తాగావా, మందు వేసుకున్నావా, ఏం ఆలోచిస్తున్నావు. ఏం ఆలోచిస్తున్నానో ఆలోచించుకునే లోపలే మీరు అడిగేసేవారు. అక్కావాళ్ళింట్లో మొదటి వారమంతా నేను పడుకునే ఉన్నాను, తెలుసా. అక్కకి ఆపరేషనైతే నేను పడుకున్నాను. అదే నాకు వండి పెట్టింది."

నోటిదాకా వచ్చాయి, నాలుగైదు బదుళ్ళు. నీ మంచికే కదా అన్నది అన్నిటికంటే ముందు వచ్చింది. మింగేశాను.

"నవంబర్‌లో ఒక్కసారిగా ఫోన్లు ఆగిపోయాయి. మొదట్లో హాయిగా ఉండేది. తర్వాత మీకేమైనా అయిందేమోనని పక్కింటావిడకి ఫోన్ చేశాను. రోజూ చెత్తబుట్ట బయట పెడుతున్నారని చెప్పింది. సరే బతికే ఉన్నారనుకున్నాను" అంది.

టీ నేను పెట్టాను. వంటింట్లోకి వచ్చి బల్ల మీద డబ్బాలన్నీ చూసింది. ఏమిటివని అడగలేదు. ఉప్పు డబ్బా ఒక్కటి తీసి పొయ్యి పక్కన కింది అరలో పెట్టింది. ఓహో, అక్కడా అనుకున్నాను.

పొద్దువాలుతుండగా లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఎప్పుడొస్తావని అడగరేం?"

"అడగను."

"అడగాలని లేదా?"

"గొంతు దాకా ఉంది" అన్నాను. నిజం అదే కనక అదే చెప్పాను.

నా మొహంలోకి చూసింది. "ఎల్లుండి కాదు, పై ఆదివారం వస్తాను. తర్వాత ఏమిటన్నది అప్పుడు చూద్దాం" అని మెట్లు దిగింది. నేను కిటికీలోంచి చూడలేదు. చూడాలని మాత్రం చాలా అనిపించింది.

జనవరి 28

ఐదు రోజులుగా ఏమీ రాయలేదు. రాస్తే అదే పనిగా ఆదివారం గురించే రాస్తానని.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఇది బస్టాపులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మా ఇల్లు రోడ్డుకవతల కనపడుతూనే ఉంది.

పొద్దున్నే వచ్చింది. చేతిలో ఒక పెట్టె. దాన్ని గదిలో పెట్టి, ఇల్లంతా ఓసారి కలయతిరిగి వచ్చి, "మీరేమీ అనుకోనంటే ఒక మాట. కాసేపు బయటికెళ్ళండి. ఈ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండి ఎన్నేళ్ళయిందో. మధ్యాహ్నం భోజనం వేళకి రండి" అంది.

ఎందుకని అడగలేదు. ఏం చేస్తావని అడగలేదు. చొక్కా మార్చుకుని, ఈ పుస్తకం పట్టుకుని వచ్చేశాను. నా సొంత ఇంట్లోంచి నన్ను బయటికి పంపించారు, నాకేమో కాలు నేల మీద నిలవడం లేదు. లోపల మనిషి ఉంది. నేను లేని చోట ఉంది, అయినా మా ఇంట్లోనే ఉంది. ఇలాంటిది ఒకటి ఉంటుందని ఈ వయసొచ్చేదాకా నాకు తెలీదు.

ఎన్నో బస్సులు వచ్చి వెళ్ళాయి. ఒక కండక్టరు దిగి, "ఎక్కరా సార్, ఎవరి కోసం చూస్తున్నారు?" అన్నాడు. ఎవరి కోసమూ కాదన్నాను. నమ్మలేదు.

భోజనం వేళ దాటింది. ఆకలేస్తోంది. సరిగ్గా ఆ వేళకే తలుపు తడితే ఇంతసేపూ గడియారం చూస్తూ కూర్చున్నాడనుకుంటుంది. కూర్చున్నాను కూడా. ఇంకాసేపు ఆగి వెళ్తాను.

గుమ్మంలోకి వచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటోంది. మెట్లు దిగి గేటు దాకా వచ్చి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివరి దాకా చూసింది. ఇప్పుడు ఈ చివరికి చూస్తోంది. బస్సు అడ్డంగా ఉంది, నేను కనపడలేదు. నన్నే వెతుకుతోంది.

రిటైరయ్యాక నన్ను వెతుక్కునే పని ఆవిడకి ఒక్క పూట కూడా పడనివ్వలేదు.

బస్సు కదిలేదాకా కూర్చుంటాను.